అదురుకు అలవాటు పడ్డవాళ్లమట

మొన్న మధ్యాహ్నం నా మనవరాలు కాలేజీ సీటు కోసం రాసే పరీక్షకు చదువుకుంటూ, పుస్తకంలోని ఒక ఇంగ్లీషు పేరాను నాకు తెలుగులో చెప్పింది. పేరా చదివి, కింద ఉన్న నాలుగు జవాబుల్లో సరైనదానికి గుర్తు పెట్టాలట. వింటూ వింటూ ఈనె తీస్తున్న చిక్కుడుకాయ నా చేతిలోనే ఉండిపోయింది. అది మా సంగతే. గనిలో బండ పగిలి భూమి అదిరితే ఆడవాళ్లు కేక కూడా వేయకుండా గుమ్మాల్లో నిలబడేవారని ఎవరో రాశారు. వాళ్లకు ఎలా ఉండేదని ప్రశ్న. అలవాటైపోయిందని జవాబు.

బూదికోట దగ్గర సేద్యగాళ్ల ఇంట పుట్టి, నా పేరు వరకే అక్షరాలు నేర్చుకుని, ఊరిగాంలో బంగారు గని పనివాళ్లకు వరసగా కట్టిన లైను ఇళ్లకు కాపురానికి వచ్చిన కొత్తలో నాకూ ఏమీ తెలియదు. మొదటిసారి గూట్లో గిన్నెలు పడి ఇల్లు ఊగినప్పుడు అరిచాను. మా అత్త పరుగున వచ్చి నా నోరు మూసింది. గనిలోకి దిగిన తన మగవాడు పైకి వచ్చేదాకా ఏ ఇంటి ఆడదీ ఏడవకూడదు, పొయ్యి ముట్టించకూడదు, ముందే ఏడిస్తే ఉన్నవాణ్ణి మనమే సాగనంపినట్టని అక్కడి కట్టుబాటు. చర్చికి పోయేవాళ్లయినా గుడికి పోయేవాళ్లయినా అదే పద్ధతి. పక్కింటామె కొంగు నోట్లో కుక్కుకునేది. నేను తలుపు చెక్క పట్టుకుంటే గోళ్ల కింద నెత్తురు చిమ్మేది.

నా పెనిమిటి పోయిన రోజూ అలాగే నిలబడ్డాను. మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు, లైను పొడవునా ఇళ్లమీద పొగ లేచింది, మా ఇంటిమీద తప్ప.

ఇదంతా చెబితే మనవరాలు పెన్సిలు పక్కన పెట్టింది.

“మనకు తెలిసింది పెట్టకూడదవ్వా. పేరాలో ఉండేదే జవాబు.”

“అందులో భయం యాడా లేదా?”

“లేదవ్వా. నిలబడినారని మాత్రం ఉండాది.”

“ఇంగ వాళ్లు అడిగిందే పెట్టుమ్మా. నీకు సీటు కావాల.”

తల వంచుకుని అలవాటైపోయిందన్న దానికే గుర్తు పెట్టింది. నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ ఆ పిల్లే.

గనులు మూతబడ్డాయి. ఇప్పుడు ఆ ఇళ్లలో ఎవరికి ఏడుపు వస్తే వాళ్లు ఏడుస్తారు, నోరు మూసే అత్తలు లేరు. నాతోపాటు నిలబడినవాళ్లు మీలో ఎవరైనా మిగిలి ఉంటే ఒక్కటే అడుగుతాను: ఆనాడు మనలో ఒక్కరైనా గట్టిగా ఏడ్చి ఉంటే, ఆ పేరా రాసినవాళ్ల చెవిన పడి ఉండేదేమో కదా.