నాలుగు పొట్లాల ఒడిబియ్యం

మా మేనమామ పోయాడని పోయిన వారం ట్రంక్‌కాల్ వచ్చింది. గరగరలాడే లైన్‌లో అత్తమ్మ గొంతు: "బిడ్డా, మీ మామ పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నడు. కూసున్నోడు కూసున్నట్టే పోయిండు." ఏడవాల్సింది పోయి నేను ముందు ఏం చేశానో తెలుసా? మంచం కింద ఉన్న పెట్టె వైపు చూసి, వద్దనుకుని, చేతిసంచీ తీసి రెండు చీరలు చుట్టగా చుట్టి అందులో పెట్టుకున్నాను. ఢిల్లీలో ఆ ఒక్క సంచీతోనే విమానం ఎక్కాను. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాక నా మీద నాకే ఒళ్ళు మండింది. మనిషి పోయాక కూడా ఆయన మాటే చెల్లింది!

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. రాస్తాను. కానీ ఏడేళ్ళుగా ఆయన మీద నాకు కోపం ఉంది. అది చెప్పకుండా తక్కినది రాస్తే అబద్ధమవుతుంది.

మామ అబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసుకు దగ్గర్లో, విమాన టికెట్లు రాసే ఆఫీసులో గుమాస్తా. ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక సందులో. రోజూ నడిచే వెళ్ళేవాడు. చేతిలో టిఫిన్ డబ్బా కూడా ఉండేది కాదు, మధ్యాహ్నం ఇంటికొచ్చి తిని మళ్ళీ నడిచేవాడు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర గంటల తరబడి నిలబడి చదివి, ఎక్కడిదక్కడ పెట్టేసి వచ్చేవాడు. "సదివినంక మొయ్యుడెందుకు?" అనేవాడు. ఆ పుస్తకాలమ్మేవాళ్ళు ఆయన్ని ఎలా భరించారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆయన జన్మలో విమానం ఎక్కలేదు. కానీ విమానంలో ఏం తీసుకుపోవాలో ఆయన్ని మించి చెప్పేవాళ్ళు లేరు. "చేతిల ఉన్నదే నీ సామాను. కౌంటర్‌ల ఇచ్చినవంటే దేవుని హుండీల ఏసినట్టే. మళ్ళ ఇస్తే ఆయన దయ" అనేవాడు. టికెట్ కోసం వచ్చినవాళ్ళను టికెట్ రాస్తూ రాస్తూనే నిలదీసేవాడు. "మూడు రోజులకు నాలుగు ప్యాంట్లేంది సాబ్? ఎవలు చూడొచ్చిన్రు?" కొందరు నవ్వేవాళ్ళు, కొందరు మేనేజర్‌కు ఫిర్యాదు చేసేవాళ్ళు. ఇంట్లో మాకు ఫిర్యాదు చేసుకునే దిక్కు కూడా లేదు. ఎవరు ఊరికి బయల్దేరినా, బస్సుకైనా సరే, సంచీ వరండాలో చాప మీద బోర్లించేవాడు. ఒక్కో వస్తువు ఎత్తి పట్టుకుని, "ఇది లేకుంటే సస్తవా? సావవు గద, తియ్" అని పక్కన పడేసేవాడు. తర్వాత సంచీ పట్టుకుని నాంపల్లి స్టేషన్‌లో బరువు చూసే మిషన్ దగ్గరికి పోయి, దాంతో ఒకసారి, అది లేకుండా ఒకసారి ఎక్కి తేడా తీసేవాడు. ఎవరి సంచీ ఏ రంగో, ఎవరి జిప్పు సగంలో ఆగుతుందో పదేళ్ళయినా గుర్తుండేది ఆయనకు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

ఏడేళ్ళ కిందట అమ్మకు బాగా లేకపోతే సిద్దిపేట దగ్గరి మా ఊరి నుంచి తీసుకొచ్చి మామ తన ఇంట్లోనే పెట్టుకుని దవాఖానకు తిప్పుతున్నాడు. చూడటానికి వచ్చి, అమ్మను వదలలేక సెలవు దాటి రెండు రోజులు ఉండిపోయాను. ఢిల్లీలో బడి ఉద్యోగం అప్పుడే దొరికింది. సోమవారం పొద్దున్నే రాకపోతే ఇక రానక్కర్లేదని హెడ్మిస్ట్రెస్ టెలిగ్రాం ఇచ్చింది. రైలుకు టైం చాలదు. ఎవరో వద్దనుకున్న సీటు మామ ఎట్లాగో పట్టాడు. "ఆఖరి నిమిషం సీటు బిడ్డా. నీ పెట్టె ఎక్కుతదో, దింపేస్తరో తెల్వది. చేతిసంచీ ఒక్కటే" అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మ మంచంలో లేచి కూర్చుని, బిడ్డకు ఒడిబియ్యం పోస్తానంది. మా వైపు పెళ్ళయిన ఆడబిడ్డ పుట్టింటి నుంచి కదిలేటప్పుడు పసుపు కలిపిన బియ్యం ఒళ్ళో పోస్తారు. అవి అత్తింటికి మోసుకుపోయి, మంచిరోజు చూసి అన్నీ కలిపి ఒక్కసారే వండి, ముత్తైదువలకు పెట్టి తినాలి. పోసినవాళ్ళు అందులో ఒక్క గింజ కూడా ముట్టరు. అమ్మ చెయ్యి వణుకుతుంటే అత్తమ్మ పట్టుకుని పోయించింది. అయిదు సేర్లు. "మళ్ళ పోస్తనో, పొయ్యనో. వండుకోని తిన్నంక జాబు రాయి బిడ్డా. నువ్వు తిన్నవని తెలిస్తే నాకు నిమ్మళం" అంది అమ్మ. కొంగు ముడేసుకుని తలూపాను.

బేగంపేట విమానాశ్రయంలో మామ సంచీ చేతికిచ్చినప్పుడు తేలిగ్గా ఉందేమిటి అనుకున్నాను. ఆయన సర్దుడు మహిమ కాబోలు అనుకున్నాను. ఢిల్లీలో తెరిస్తే రవికె గుడ్డ, రెండు ఎండుకొబ్బరి కుడుకలు, చేతిరుమాలులో కట్టిన పిడికెడు బియ్యం. అంతే! ఒక చీటీ: "మిగిలినవి పంపుత. ఫికర్ చెయ్యకు." మా అమ్మ పోసిన బియ్యం తీసెయ్యడానికి ఈయనెవరు? ఉన్నమాట చెప్పాలి, సోమవారం పొద్దున్నే బడిలో ఉన్నాను, ఉద్యోగం నిలిచింది. ఈ రోజు వరకు నేను తింటున్న అన్నం ఆయన పుణ్యమే. ఆ రోజు మాత్రం అది తట్టలేదు.

ఆయన ఆ బియ్యాన్ని సేరు సేరుగా అయిదు పొట్లాలు కట్టాడట. ఢిల్లీ టికెట్ కోసం వచ్చినవాళ్ళలో ఎవరి చేతిసంచీలో చోటుందో చూసి, పొట్లం చేతికిచ్చి దండం పెట్టేవాడట. పరాయివాళ్ళ పొట్లం ముట్టొద్దని లోకమంతటికీ చెప్పిన మనిషి! మొదటిది ఒక సూటు వేసుకున్న పెద్దాయన తెచ్చాడు. "మీ మామయ్య నా సంచీలోంచి నా చెప్పులు తీయించి ఇది పెట్టాడమ్మా" అని వాపోయాడు. రెండు వారాలకు ఒక కాలేజీ కుర్రాడు రెండోది. ఇంకో మూడు వారాలకు కొత్త దంపతులు మూడోది. నాలుగోదానికి నెల పట్టింది.

అన్నీ ఒక్కసారి పంపమని ఉత్తరం మీద ఉత్తరం రాశాను. "ఒడిబియ్యం పార్సిల్‌ల ఏసేవి కావు. చేతుల మీదనే పోవాలె" అని కార్డు. సరే, చేతుల మీదే పోవాలి. ఆయన ఇంటి పక్కనే స్టేషన్! అయిదు సేర్లు ఒక్క రైలు మనిషికిస్తే రెండు రోజుల్లో నా గడపలో ఉండేవి. అబిడ్స్ ఆఫీసులో కూర్చుని కూర్చుని ఆ బుర్రకు విమానం తప్ప ఇంకోటి తట్టకుండా పోయింది. ఇటు అమ్మ అడిగి రాయించే కార్డు వారం వారం వస్తూనే ఉంది, మామ చేతిరాతలోనే: "వండుకున్నవా బిడ్డా?" ఆ అయిదోది రాదు, నేను వండలేను. చివరికి ఉండబట్టలేక అబద్ధం రాశాను. "అమ్మా, వండుకున్నాను. అందరికీ పెట్టి తిన్నాను. చాలా కమ్మగా ఉన్నాయి."

పది రోజులకు అమ్మ పోయిందని టెలిగ్రాం వచ్చింది.

దినాలు అయ్యాక వరండాలో మామను నిలదీశాను. "అయిదో పొట్లం ఎవలికిచ్చినవు మామా?"

"ఎవలికో ఇచ్చిన బిడ్డా. యాదికి లేదు."

"ఊర్లోల్ల సంచీల జిప్పులు యాదికుంటయి గని మా అమ్మ బియ్యం యాదికి లేవా? నీ తేలిక సంచీ పాడుగాను! ఎవని పాలు చేసినవు?"

ఆయన తల దించుకుని కూర్చున్నాడు. ఢిల్లీ వెళ్ళి ఆ నాలుగు పొట్లాలూ వండాను. ముద్ద దిగలేదు. ఆ తర్వాత నేను వచ్చిన ప్రతిసారీ ఆయనే టికెట్ రాసేవాడు, ఆయనే బేగంపేట దాకా వచ్చేవాడు. "సంచీ తేలికున్నదా బిడ్డా?" అని అడిగేవాడు. "ఆఁ" అనేదాన్ని. ఏడేళ్ళు మా మధ్య మాటలంటే ఇవే.

మొన్న మూడో రోజు కార్యం అయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయాక, అత్తమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఇగ మీ మామ కూడ లేడు, నేను ఆపుకోలేను" అంది.

"నీ కార్డు వచ్చిననాటికి మీ అమ్మ అన్నం ముట్టక మూడొద్దులు. మీ మామ మంచం మీద కూసోని నీ కార్డు సదివిండు. అయిదో పొట్లం మా అల్మార్లనే ఉన్నది, నువ్వు వండలేదని ఆయనకు ఎరుకనే. అయినా సదివిండు. 'కమ్మగున్నయట అక్కా' అన్నడు. మీ అమ్మ మొకం ఇంత చేస్కోని, 'నాక్కూడ జర ఆకలైతున్నది తమ్మీ' అన్నది. మూడొద్దులకు ఆకలన్నది బిడ్డా! నేను జావ కాస్తనని లేస్తే మీ మామ ఆ పొట్లం తెచ్చి నా చేతుల పెట్టిండు. 'పొల్ల ఒడిబియ్యం, పోసినోల్లు తినొద్దు గద' అని నేనన్న. 'పొల్ల ఇంట్ల తిన్నట్టయితది, కాయి' అన్నడు."

నేను ఆ అల్మారా వైపు చూశాను.

"జావ పసుపు పచ్చగున్నది. మీ అమ్మకు తెల్వదా? గిన్నె దిక్కు చూసి, 'నాకు అబద్ధం రాసింది గదరా నా బిడ్డ' అని నవ్వింది. 'పోసిన చెయ్యే తిన్నదంటే ఏడుస్తది, పొల్లకు చెప్పకు తమ్మీ' అని ఒట్టేయించుకున్నది."

ఒక్క మాట! ఏడేళ్ళలో ఒక్క మాట చెబితే నేనేం ఏడ్చి చచ్చేదాన్నా? నేను తిడుతుంటే అట్లా తల దించుకుని ఎందుకు కూర్చున్నావు మామా? ఇప్పుడు నేనీ కోపం ఎవరి మీద తీర్చుకోవాలి, కాళ్ళు పట్టుకుందామంటే ఎవరి కాళ్ళు పట్టుకోవాలి?

"మరి తిన్నదా అత్తమ్మా?" అని మాత్రం అడగగలిగాను.

"తిన్నది బిడ్డా. ఒక్కొక్క చెంచ మీ మామ ఊది ఊది పెట్టిండు. ఆయన ఊదేదాంక కూడ ఆగలేదు మీ అమ్మ. ఇంకో చెంచకు ముందే నోరు తెరిసింది."