మస్తాన్ హుడ్డూ, నా దగ్గూ

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా రేకు కత్తెర నా వేలినే కోయుగాక. దాని మీదే బతుకుతున్నవాణ్ణి, ఉత్తినే ఒట్టు వేయను.

1984 ఎండాకాలం. నరసరావుపేటలో మాచర్ల బస్సులు ఆగే చోట కోటయ్య భోజన హోటల్ ఉండేది. పొయ్యి పైన పొగను పట్టే రేకు గొడుగును మేము హుడ్ అంటాం. దాని నుంచి గోడ బయటికి వెళ్లే గొట్టం డక్ట్, ఆ చివర ఎగ్జాస్ట్ ఫ్యాన్. ఆ హోటల్లో మొదటి హుడ్ నాదే. ఏడాది తిరగ్గానే దాన్ని ఊడదీయించి, కోటయ్య నా పక్క కొట్టు మస్తాన్ చేత కొత్తది పెట్టించాడు. ఆ కబురు విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

పైగా దాన్ని పరీక్షించడానికి నన్నే పిలిచాడు. నన్నెందుకయ్యా అంటే నవ్వాడు.

"మస్తాన్ పనిలో తప్పు నీకు కనపడినట్టు ఇంకెవడికి కనపడుద్ది మేస్త్రీ? బాలేదని తేలితే పీకించి మళ్లీ నీదే పెట్టిస్తా."

సంబరంగా వెళ్లాను. పొయ్యి దగ్గర వంటమనిషి నాగమ్మక్క ఉంది. నా హుడ్ కింద ఎప్పుడు చూసినా ఎర్రగా ఉండే ఆమె కళ్లు ఇప్పుడు తేటపడ్డాయి. అదీ నాకు నచ్చలేదు.

ముందు ఊదుబత్తి వెలిగించి హుడ్ అంచు చుట్టూ తిప్పాను. పొగ బయటికి జారితే హుడ్ పనికిరానట్టు. ఎవరో దారం కట్టి లాగినట్టు నాలుగు మూలలా లోపలికే పోయింది. ఆ లాగుడు ఎంతటిదంటే, నాగమ్మక్క వేయిస్తున్న అప్పడం పైకి లేచి, డక్ట్‌లోంచి బయటపడి, మాచర్ల బస్సు కండక్టరు చేతిలో వాలింది. ఉప్పు సరిపోయిందన్నాడు.

చివరిది అసలు పరీక్ష. కాగిన నూనెలో మా పల్నాటి ఎండుమిరపకాయలు వేయాలి. ఆ ఘాటుకు దగ్గు వస్తే హుడ్ ఫెయిల్. దగ్గేదీ నేనే, తీర్పు చెప్పేదీ నేనే. నాగమ్మక్క గుప్పెడు కాయలు తీసి మూకుడు మీదికి చెయ్యి చాపింది. నేను తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లు నులుముకుంటూ, గోడ పట్టుకుని మరీ దగ్గాను. గుమ్మంలో నిలబడి చూస్తున్న మస్తాన్ తల దించుకున్నాడు.

నాగమ్మక్క గుప్పిట విప్పింది. కాయలు అందులోనే ఉన్నాయి.

"ఇంకా ఎయ్యలేదు తమ్ముడూ."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆమె అప్పుడు వేసింది. చిటపటలాడాయి, నల్లబడ్డాయి. నాకు దగ్గు రాలేదు.

"నీ రేకు కింద ఏడాది దగ్గా. ఏంది అక్కా అట్టా దగ్గుతున్నావని ఒక్కనాడన్నా అడిగావా?"

అడగలేదు. భోంచేసేవాళ్లకు రేకు మెరుపు కనపడాలని నా హుడ్‌ను పైకెత్తి కట్టాను. మస్తానేమో మొదట నాగమ్మక్కను పొయ్యి దగ్గర నిలబెట్టి, ఆమె తలకు తగలకుండా ఎంత కిందికి దించవచ్చో చూశాడు. పొయ్యి కంటే అన్ని వైపులా జానెడు వెడల్పు పెంచాడు. అంతే తేడా.

మస్తాన్ హుడ్ అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత ఎక్కడికెళ్లినా నా కొలత వంటమనిషి దగ్గరే మొదలైంది, దగ్గి తీర్పు చెప్పే పని కూడా ఆమెకే వదిలేశాను. మస్తాన్ మీద కుళ్లు మాత్రం ఏ ఫ్యానుకూ లొంగలేదు.

వేలు తెగకముందే ఒప్పుకుంటాను. అప్పడం సంగతి నా కల్పన. దగ్గు కూడా కల్పనే, కాకపోతే అది ఇప్పుడు కల్పించింది కాదు. ఆ రోజే కల్పించాను.