చాచా కార్డుల మీది ఎర్ర దారం

మొన్న మహబూబ్‌నగర్‌లో ఒక గృహప్రవేశానికి వెళితే, భోజనాల దగ్గర మా మరిది మళ్లీ ఆ కథే ఎత్తుకున్నాడు. నారాయణపేటలో మా అన్నయ్య దవాఖాన ఎందుకు మూతపడిందంటే, అక్కడి ముసలి కాంపౌండర్ కంప్యూటర్‌కు అడ్డం పడ్డాడట, కొత్త పద్ధతి నేర్చుకోనని మొండికేశాడట, చివరికి కళ్లు ఆనక ఒకామెకు పడని సూది ఇచ్చి దవాఖాన పేరును మట్టిలో కలిపాడట. పక్కన కూర్చున్నవాళ్లు అయ్యో అని తలలూపారు. వాళ్లలో ఇద్దరి పిల్లలు ఆ దవాఖానలోనే పుట్టారు.

"ఏం మరిదీ, ఆనాడు నువ్వు గాడ ఉన్నవా?" అని అడిగాను.

"అందరనేదే అంటున్న వదినా, నా మీద పడతవేంది?" అన్నాడు, అప్పడం విరుచుకుంటూ.

అందరూ అనే ఆ కథ తప్పు. ఎక్కడ తప్పో చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే, ఎందుకంటే ఆ దవాఖానలోకి కంప్యూటర్‌ను తెచ్చింది నేనే.

మన ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు, చిన్న ఊళ్లో ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, ఒక కాంపౌండరు, పన్నెండు మంచాలు ఉంటే అదే పెద్ద దవాఖాన. మా అన్నయ్య డాక్టరే కానీ దవాఖానను నడిపింది కాంపౌండరే, ఆయన్ను మేమూ ఊరూ కూడా చాచా అనే పిలిచేవాళ్లం. ప్రతి రోగికీ ఆయన దగ్గర ఒక మందపాటి అట్ట కార్డు ఉండేది. వాటిని పేర్ల వరుసలో కాక ఊళ్ల వరుసలో, ఊళ్లో మళ్లీ వాడల వరుసలో చెక్కపెట్టెల్లో పేర్చేవాడు, వచ్చిన మనిషి గడప దగ్గర చెప్పులు విడిచేలోగా కార్డు తీసి అన్నయ్య బల్ల మీద పెట్టేవాడు. కొన్ని కార్డుల మూలన చిన్న చిల్లు పొడిచి, దాంట్లో దారం ముడి వేసి ఉండేది. మగ్గాల మీద మిగిలిపోయిన దారపు ముక్కలను నేతవాళ్లు దవాఖానకు వచ్చినప్పుడల్లా ఆయన కోసం గుప్పెడు తెచ్చేవాళ్లు, వాటిలో పచ్చవి, నల్లవి, ఎర్రవి ఉండేవి. ముసలాయన ముచ్చట అనుకున్నాను నేను. అడగలేదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన తర్వాత నాలుగైదేళ్లకు రోడ్లు బాగయ్యాయి, మహబూబ్‌నగర్‌లో అద్దాల ఆసుపత్రులు లేచాయి, సంత రోజున వాళ్ల వ్యాన్లు వచ్చి జ్వరం చూసుకోవడానికి వచ్చినవాళ్లను కూడా ఎక్కించుకుపోవడం మొదలుపెట్టాయి. మా అన్నయ్య పొద్దంతా బల్ల ముందు స్టెతస్కోపు మెడలో వేసుకుని కూర్చునేవాడట, మధ్యాహ్నం దాకా ఆరుగురు వస్తే గొప్పట. ఒకరోజు ఫోన్ చేశాడు. "చెల్లే, గీ వానాకాలం చూస్త. కాకపోతే బోర్డు దించి ఎక్కడన్న డ్యూటీ డాక్టర్ లెక్క చేరిపోత" అన్నాడు. యాభై దాటిన మనిషి, వేలమందికి పురుడు పోసిన మనిషి, ఇంకొకరి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తానంటుంటే నేను మర్నాడే నారాయణపేట బస్సెక్కాను.

నేను బీకాం చదివి, హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రి అడ్మిషన్ల కౌంటర్లో ఆరేళ్లు పనిచేసినదాన్ని. మా ఆయనకు అప్పటికే మహబూబ్‌నగర్‌కు బదిలీ అయింది, నేను ఖాళీగా ఉన్నాను, పైగా నాకు అన్నీ తెలుసని నాకు గట్టి నమ్మకం. వానలు పడడానికి మూడు వారాలే ఉన్నాయి కాబట్టి మూడు వారాల్లో అన్నీ మార్చేయాలని పంతం పట్టాను. గోడలకు రంగు వేయించాను, నర్సులకు కోట్లు కుట్టించాను, టోకెన్లు పెట్టించాను, అంకె వెలిగే బోర్డు తగిలించాను, కంప్యూటర్ కొన్నాను. మార్చడం తప్పని ఇప్పటికీ అనను, ఎవరన్నా అంటే వాళ్లతో వాదిస్తాను కూడా. మార్చకపోతే ఆ దవాఖాన ఆ వానాకాలాన్ని దాటేది కాదు. కానీ మునిగిపోయేవాడి చేతికి ఏది దొరికితే అది పట్టుకుంటాడే, అట్లా పట్టుకున్నాను నేను, ఏది ఊడి వస్తుందో చూసుకోలేదు.

పాత కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఇద్దరు కుర్రాళ్లను పెట్టాను. కార్డును మిషన్లో పెడితే బొమ్మ తెర మీదికి వస్తుంది, దాని మీద రాసి ఉన్నదంతా గళ్లలో కొట్టాలి. దారం ముడి ఉన్న కార్డులు మిషన్లో ఇరుక్కుపోతున్నాయి. గంటలో నాలుగుసార్లు ఆగేసరికి నాకు కోపం వచ్చి, కట్లు కట్టే గదిలోంచి కత్తెర తెచ్చి వాళ్ల చేతికిచ్చాను. అప్పుడే చాచా చాయ్ గ్లాసుతో తలుపు దగ్గరికి వచ్చాడు.

"బేటీ, గా దారాలు..." అన్నాడు.

"జర ఆగు చాచా, మిషన్ ఆగిపోతాంది" అన్నాను.

ఆయన ఆగాడు. చాయ్ చల్లారిపోయేదాకా నిలబడి, వెళ్లిపోయాడు. సాయంత్రం ఊడ్చే అవ్వ ఆ దారాలన్నీ చేటలోకి ఎత్తి పారబోసింది. పడని మందులు రాసే గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ముందుకు పోవడం లేదని కుర్రాళ్లు అడిగితే, ఏమీ రాసి లేనిచోట 'లేవు' అని నింపేయమని చెప్పింది కూడా నేనే.

చాచా కంప్యూటర్ నేర్చుకోలేదన్నది ఎంత అబద్ధమో వినండి. నేను ఆయన్ను కార్డుల పెట్టెల దగ్గర్నుంచి తీసి మందుల కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. అయినా రోజూ మధ్యాహ్నం నమాజు అయ్యాక వచ్చి, ఒక్క వేలితో ఊళ్ల పేర్లు కొట్టి చూసుకునేవాడు. "గీ డబ్బకు ఎవరి ఇల్లు ఎవరి పక్కన ఉన్నదో ఎరుక లేదు బేటీ" అని నవ్వేవాడు. దారాలు చెప్పే సంగతి కూడా ఆ డబ్బాలోకి పోయే ఉంటుందని, ఇంత చదువుకున్న పిల్ల దాన్ని వదిలిపెట్టదని అనుకున్నాడేమో, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

వానలు పడ్డాయి, జ్వరాలు వచ్చాయి, జనం తిరిగి వచ్చారు. బోర్డు మీద అంకె మారినప్పుడల్లా పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. అన్నయ్య మొహంలో నెత్తురు కనిపించింది. చూశావా అన్నట్టు నేను మా వదిన, అన్నయ్య భార్య ముందు తిరిగాను.

ఆ రోజు లైను గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. నేతవాళ్ల వాడ నుంచి ఒకామె కాలికి చీము పట్టి వచ్చింది. కొత్తగా చేరిన నర్సమ్మ సూది పట్టుకుని నా దగ్గరికి వచ్చి, ముందుగాల కొంచెం ఇచ్చి చూడాల్నా మేడం అని అడిగింది. నేను తెర వైపు చెయ్యి చూపించాను. 'లేవు' అని ఉంది. "లేవనే ఉన్నది గద, కానియ్యి, లైన్ ఆగుతాంది" అన్నాను.

అయిదు నిమిషాలు కాలేదు. బెంచీ మీద ఆమె పెదవులు ఉబ్బాయి, కళ్లు మూసుకుపోయాయి, గొంతులోంచి ఈల లాంటి చప్పుడు వచ్చింది. మందుల కిటికీ లోంచి చూసిన చాచా తలుపు తీసే ఓపిక కూడా లేనట్టు బల్ల మీదుగా దాటి వచ్చాడు. "గీమె ఎర్ర దారం మనిషి. గీ సూది పడదు" అన్నాడు, గట్టిగా కూడా కాదు. ఎర్ర దారం అంటే ఆ సూది పడని మనిషని గుర్తు అని నేను అప్పుడు తెలుసుకున్నాను.

అన్నయ్య ఉరికివచ్చి విరుగుడు సూది ఇచ్చి, ఆక్సిజన్ పెట్టి, జీపులో వేసుకుని మహబూబ్‌నగర్ తీసుకుపోయాడు. గంటన్నర దారి. ఆ గంటన్నరలో నేను మొక్కని దేవుడు లేడు. మిగిలిన కార్డుల పెట్టెలు తెరిచి పిచ్చిదానిలా తిరగేశాను, ఏ చిల్లులో ఏ రంగు ఉండేదో ఏ కార్డూ చెప్పలేదు. దారం కత్తిరించిన అన్నిటికీ ఒకటే చిల్లు.

ఈలోగా వాడంతా కదిలి వచ్చింది. ముందు ఆమె భర్త. సూది ఎవరిచ్చారని అడిగాడు. నర్సమ్మ నా వెనక నా చీర కొంగు పట్టుకుని దాక్కుంది. చెప్పవలసిన మాట నా నాలుక చివర ఉంది. చాచా నన్ను దాటి ముందుకు వెళ్లాడు.

"నేనే ఇచ్చిన. తప్పు నాదే" అన్నాడు.

ఆ మనిషి ఎత్తిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది. కొట్టి ఉంటే బాగుండేది. "మా ఇంటిల్లిపాది నీ చేతులనే పెరిగినం గద చాచా, మా మనిషి నీకు యాది లేకపాయెనా?" అన్నాడు. చాచా తల దించుకున్నాడు. ఆ వాడలో ఏ ఇంట్లో ఎవరికి ఏ మందు పడదో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి, యాది లేకపాయె అన్నట్టు తల దించుకున్నాడు.

ఆమె నాలుగు రోజులు ఊపిరి మిషన్ మీద ఉండి బతికింది. చాచా మర్నాటి నుంచి రాలేదు. జనం కూడా రాలేదు, సూదికి భయపడి కాదు, కిటికీ దగ్గర చాచా లేడని. ఎవరి ముందు చెప్పులు విడవాలో తెలియని దవాఖానకు ఎవరు వస్తారు? దసరా దాటాక అన్నయ్య బోర్డు దించాడు. నేను అన్నయ్యకు అసలు సంగతి చెప్పాను. కానీ ఊరికి మాత్రం చెప్పలేదు. రాయచూరులో కూతురి దగ్గర ఉంటున్న చాచాను చూడడానికి ఒకసారి వెళ్లాను. కడుపునిండా తినిపించాడు, అన్నయ్య షుగర్ గురించి అడిగాడు, మనవరాలి చదువు గురించి చెప్పాడు, ఆ రోజు ఊసు మాత్రం ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను. నిరుడు పోయాడని కబురు వచ్చింది.

ఇప్పుడు ఏ ఆసుపత్రికి వెళ్లినా పడని మందులున్నాయా అని మూడుచోట్ల రాయించుకుంటారు, మంచిదే. కానీ రాసుకునేవాళ్లు తల ఎత్తి మన మొహం చూడరు, రేపు మళ్లీ వెళ్తే మనమెవరమో వాళ్లకు తెలియదు. మరిది ముందు కూడా నేను సగమే చెప్పి చేతులు కడుక్కున్నాను. మిగతా సగం ఇక్కడ రాశాను, ఒక్కటి తప్ప. ఆ గుంపు ముందు తప్పు నాదే అన్న తర్వాత చాచా వెనక్కి తిరిగి నా వైపు చూశాడు, రెండు మూడు గుటకలు మింగేంతసేపు. ఊరందరి మీదా నోరు చేసుకునే నేను ఆ కాసేపూ పెదవి విప్పలేదు. ఆయన నన్ను ఊరుకొమ్మని చూశాడా, లేక ఇప్పుడైనా మాట్లాడుతుందని ఎదురుచూశాడా?