పద్నాలుగు జతల తెల్లబట్టలు, ఒక పసుపు కడాయి

ఒక ఏడు మా ఇంటి క్రిస్మస్‌ను నేను ఉడకబెట్టాను. మాటవరసకు అనడం లేదు. కడాయిలో వేసి, కింద మంట పెట్టి, కర్రతో తిప్పుతూ మరీ ఉడకబెట్టాను. ఇప్పటికీ డిసెంబర్ వచ్చిందంటే మావాళ్లు ఈ కథ ఎత్తుకుంటారు. వాళ్లు చెబితే ఇంకా ఘోరంగా ఉంటుంది కనుక నేనే చెప్పేస్తాను.

ఎనభైల మధ్యలో మాట. ఆర్మూరుకు కాస్త దూరంలో మాకు రెండెకరాల పసుపు చేను, ఆ చేను పక్కనే ఇల్లు, ఆ ఇంట్లో పద్నాలుగు మందిమి. పసుపు పండించేవాళ్ల ఇల్లు ఎలా ఉంటుందో మీరు చూశారో లేదో. గోళ్లు పసుపు, పంచెలు పసుపు, పిల్లల నోటుపుస్తకాలు పసుపు. మా బాపమ్మ, అంటే నాన్న తల్లి, దిండు మీద ఆమె తల ఆనే చోట కూడా ఒక పసుపు గుండ్రం ఉండేది.

ఆ బాపమ్మకు డెబ్బై దాటాక ఒక కోరిక పుట్టింది.

"ఏడాదంత పసుపులనే బతుకుతున్నం. ఒక్క పండుగనాడన్న ఇంటిల్లిపాది తెల్లబట్టలు కట్టుకొని ఫోటో దిగాలె. గా ఫోటో చిన్నోడు ఉన్నకాడికి పోవాలె. నేను పోయినంక గూడ వానికాడ ఉండాలె."

చిన్నోడంటే మా చిన్నాయిన. మస్కట్‌లో పని. నాలుగేళ్లకు సెలవు దొరికి వచ్చాడు, పండుగ మర్నాడే మళ్లీ ప్రయాణం. తల్లి నోట మాట రాగానే ఆర్మూరు వెళ్లి ఒక తాను తెల్లబట్ట తెచ్చాడు. మగవాళ్లకు చొక్కాలు, పిల్లలకు గౌన్లు అన్నీ ఆ తానులోవే. ఆడవాళ్లకు తెల్ల నూలు చీరలు. పండుగ రోజు ప్రార్థన అయ్యాక ఇంటికి రమ్మని ఫోటోగ్రాఫర్‌కు కూడా చెప్పి వచ్చాడు.

కుట్టిన బట్టలు పండుగకు రెండు రోజుల ముందు చేతికొచ్చాయి. దర్జీ దుకాణం పసుపు గోదాముల పక్కన. అందువల్ల నాన్న చొక్కా కాలర్ మీద ఒక పసుపు వేలిముద్ర పడింది. ఒక్కటంటే ఒక్కటి. అది నా కంట పడింది. చూసి ఊరుకుని ఉంటే మీకు ఈ కథ తప్పేది.

అప్పుడు నేను ఇంటర్ రెండో ఏడు, సైన్స్ గ్రూపు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని. ఎంత గర్వమంటే, పాలు పొంగితే ఎందుకు పొంగాయో వివరించేదాన్ని గానీ పొయ్యి తగ్గించేదాన్ని కాదు.

"అమ్మా, బట్టలన్ని సోడాల ఉడకవెడత. పాల లెక్క అయితయి."

అమ్మ సకినాలు చుట్టడంలో ఉంది. తలెత్తలేదు.

"కొత్తబట్టలు ఉడకవెట్టుడేందే? గా కాలర్‌కు జర సబ్బు వెట్టి రుద్దు, అయిపోతది."

"నీకు తెల్వదమ్మా. గిది కెమిస్ట్రీ."

"నీ కెమిస్ట్రీ పండుగైనంక జెయ్యి," అంది అమ్మ. అప్పటికే నేను బట్టల మూటతో కొట్టం వెనక్కి నడిచాను.

పద్నాలుగు మంది బట్టలు పట్టే గిన్నె ఇంట్లో ఎక్కడిది? కొట్టం వెనక పసుపు ఉడకబెట్టే ఇనుప కడాయి బోర్లించి ఉంది. నలుగురు పిల్లలు కూర్చుని స్నానం చేయవచ్చు అందులో. బూడిద వేసి గంటసేపు తోమాను. నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను. రేకులు కలిపి రివిట్లు కొట్టిన సందుల్లో తాత కాలం నాటి పసుపు అట్టకట్టి ఉందన్న సంగతి మాత్రం నా కెమిస్ట్రీకి అందలేదు.

నీళ్లు మరిగాయి. సోడా వేశాను, బట్టలు వేశాను, తిప్పాను. కాసేపటికి కర్రతో ఒక చొక్కా పైకెత్తితే కుంకుమలో ముంచినట్టుంది. ఇంకొకటి ఎత్తాను. అదీ అంతే. పసుపుకు సోడా తగిలితే ఎర్రబడుతుందని రెండు నెలల కింద రికార్డు పుస్తకంలో నేనే గుండ్రటి అక్షరాలతో రాశాను. దానికి ఇరవైకి ఇరవై మార్కులు కూడా వచ్చాయి.

వాసన పట్టి అమ్మ వచ్చింది. కడాయిలోకి చూసింది, నా వైపు చూసింది.

"ఏందే గీ రంగు?"

"క్షారం తగిల్తే పసుపు..."

"క్షారం నీ మొఖానికి తగుల."

అమ్మ తిడితే నాకు అలవాటే. వెనకాలే బాపమ్మ కర్ర ఊతంతో వచ్చి కడాయిలోకి తొంగి చూసింది.

"పాపం ఎంత ఎర్రగున్న దేవుడు తెల్లగ ఉతుకుతడని చర్చిల అయ్యగారు చెప్తడు. తెల్లటియి ఎర్రగ ఉతికినోళ్లను మాత్రం నిన్నే సూసిన బిడ్డా," అని అక్కడే అరుగు మీద కూర్చుంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండు అనిపించింది నాకు.

చిన్నాయిన మోటరు వేసి బట్టలన్నీ నీళ్లలో జాడించాడు. ఎరుపు పోతుంటే అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఎరుపు పూర్తిగా పోయాక కింద పసుపు తేలింది. నేను ఊరుకోక నిమ్మకాయలు పిండాను. పసుపు ఇంకా నిగనిగలాడింది. ఎండకు పసుపు విరుగుతుందని అమ్మ అన్నింటినీ కంచె మీద ఆరేసింది గానీ, డిసెంబర్ ఎండ ఏపాటిది?

దారిన పోతున్న పక్క చేను గంగవ్వ ఆగింది. మా దిక్కు పెళ్లికి బట్టలు పసుపు నీళ్లలో ముంచి కడతారు.

"పెండ్లి ఎవలిదే?"

"ఎవలిది లేదు," అంది అమ్మ.

"మరి గిన్ని బట్టలు? అందరికి ఒక్కపారే జేస్తున్నరా?"

"గీమెను అడుగు. గీమె సదువుకున్నది," అని అమ్మ నన్ను చూపించింది.

పండుగనాడు పద్నాలుగు మందిమీ అవే కట్టుకుని చర్చికి పోయాం. వేరే కొత్తబట్టలు లేవు మరి. రెండు బెంచీలు మావే, చేమంతుల మడిలా. ప్రార్థన అయ్యాక అయ్యగారు నాన్న చొక్కా పట్టి చూసి, "తమ్ముడు మస్కట్‌కెల్లి తెచ్చిండా? మంచి రంగున్నది," అన్నాడు. నాన్న కాదనలేదు.

ఇంటికి వచ్చేసరికి ఫోటోగ్రాఫర్ స్టాండు నిలబెట్టి సిద్ధంగా ఉన్నాడు. అందరం వరసలో నిలబడ్డాం. మధ్యలో వేసిన కుర్చీ మాత్రం ఖాళీ. బాపమ్మ గడపలోంచి కదలలేదు.

"నేను దిగ. రోజు ఉండేటట్టే ఉన్న. గింత దానికి ఫోటో ఎందుకు?"

నాకు ఏడుపు ఆగలేదు. కెమిస్ట్రీ, మార్కులు, కాలేజీ అన్నీ ఆ కడాయిలో పడి ఉడికిపోయినా బాగుండు అనుకున్నాను. చిన్నాయిన వెళ్లి ఆమె ముందు కింద కూర్చున్నాడు.

"అమ్మా, మళ్ల నాలుగేండ్లకు గాని రాను. తెల్లబట్టలు గప్పటిదాంక ఆగుతయి. నువ్వు ఆగుతవా?"

బాపమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏమో," అని లేచి వచ్చి కుర్చీలో కూర్చుంది. నన్ను పిలిచి పక్కన నిలబెట్టుకుంది. చిన్నాయిన మర్నాడు వెళ్లిపోయాడు.

రెండు వారాలకు ఫోటోలు వచ్చాయి. కవరు విప్పిన నాన్న ఫోటోను అమ్మ చేతికిచ్చాడు. అమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. ఆ రోజుల్లో ఆర్మూరు స్టూడియోలో తీసేవి నలుపు తెలుపు ఫోటోలే. మా గొడవలో ఆ మాట ఎవరికీ గుర్తు లేదు. ఫోటోలో పద్నాలుగు మందిమీ మల్లెపూలంత తెల్లగా ఉన్నాం.

బాపమ్మ ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "దేవుడు ఉతికిండే," అంది మెల్లగా. నేను మళ్లీ ఏడ్చాను.

ఒక ఫోటో మస్కట్‌కు పోయింది. నెలకు చిన్నాయిన ఉత్తరం వచ్చింది. అక్కడ తన గదిలో ఉండేవాళ్లంతా మీ ఇంట్లో బట్టలకు ఏం సబ్బు వాడతారని అడుగుతున్నారట. బాపమ్మ నాతోనే జవాబు రాయించింది.

"సబ్బు కాదు, మా మన్మరాలి సదువు అని రాయి."

రాశాను. ఆ ఉత్తరం మీద చెయ్యి పెట్టి, ఇంటిల్లిపాది సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఒక్క మరక కోసం తాను మొత్తం ఉడకబెట్టను. అమ్మ అక్కడితో వదలలేదు.

"పాలు పొంగితే పొయ్యి తగ్గిస్తనని గూడ ఒట్టెయ్యి."

అదీ వేశాను. మొదటి ఒట్టు ఇప్పటిదాకా తప్పలేదు.