తెర మీది మనిషికి వేరే గొంతు

సినిమా మొదలైన కాసేపటికే ఆమె లేచి నిలబడింది. తెర మీద ఆమె భర్త ఇసుకలో కూర్చుని, చిరిగిన వల బాగుచేసుకుంటూ ఏదో చెబుతున్నాడు.

"ఇది మాయన గొంతు కాదు" అంది గట్టిగా.

అంతకుముందే పక్కనున్నామె "సూడొసే, మీయన సొక్కా లేకపోయినా ఈరోలాగున్నాడు" అని మోచేత్తో పొడిచింది. ఇప్పుడు ఆమే చెయ్యి పట్టి లాగింది. "కూసోయే, అందరూ సూస్తన్నారు."

"సూడనీ. నోరు మాయన్ది. మాటెవుడిదో."

ఆమె కూర్చోలేదు. మేం సినిమా ఆపలేదు. నిలబడే చివరిదాకా చూసింది.

విజయనగరంలోని ఆ పాత హాలు మూతపడకుండా చూడాలని పత్రికలో పనిచేసే నేను, ఒక కాలేజీ లెక్చరరు, ఇంకొందరు స్నేహితులం కలిసి లాభాపేక్ష లేని ఒక సంఘం పెట్టుకున్నాం. రాష్ట్రం విడిపోయిన మరుసటేడు అది. ఆదివారం ఉదయం ఆట మాది. ఇక్కడివాళ్ళు ఇక్కడ తీసిన చిన్న సినిమాలు వేసేవాళ్ళం. మా యాస సినిమాల్లో హాస్యగాడి నోట తప్ప వినిపించదన్న ఉక్రోషం మా అందరిలోనూ ఉండేది. సంఘం పుట్టిందే ఆ ఉక్రోషంలోంచి.

పొందూరు నుంచి ఒక అమ్మాయి వచ్చేది. పెళ్ళి వీడియోలు తీసి పని నేర్చుకుంది. నౌపడ ఉప్పుమడులు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పల్లెలో ఒక మత్స్యకారుడి మీద సినిమా మొదలుపెట్టింది. షూటింగుకి ఒకరోజు నేనూ వెళ్ళాను. ఆయన ప్రతి మాటకీ ముందు గొంతు సవరించుకునేవాడు. చెప్పిందే మళ్ళీ చెప్పమంటే, "ఏటమ్మా, ఎన్నిపాల్లు సెప్పమంతావు? నాకోసం సేపలు ఆగుతాయేటి?" అన్నాడు. ఒడ్డున ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆయనా నవ్వాడు.

షూటింగు పూర్తయిన కొద్దికాలానికి ఆయన సముద్రం మీద వేటకెళ్ళి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. ఇంట్లో మిగిలింది ఆధార్ కార్డు మీది ఫొటో. ఆయన భార్య ఆ అమ్మాయికి తరచూ ఫోన్ చేసేది. "బొమ్మ లేకపోతే పోనీ తల్లీ, ఒక్కపాలి మాట ఇనిపించు." హాల్లోనే చూద్దురుగాని అని ఈ అమ్మాయి చెబుతూ వచ్చింది.

ఎడిటింగు అప్పుడు లెక్చరరు అడ్డుపడ్డాడు. "పోయిన మనిషి. ఈ యాసలో కష్టం చెప్పుకుంటే జనం నవ్వుతారు. ఆయన్ని నవ్వులపాలు చెయ్యొద్దు" అన్నాడు. లెక్చరరు ఇంట్లో మాట్లాడేదీ ఆ యాసే. గాలిహోరులో మాటలు సరిగా వినపడటం లేదని ఇంకొకరు అన్నారు. ఎవరూ కాదనలేదు. పద్యనాటకాలు ఆడే పెద్దమనిషి చేత శుభ్రమైన తెలుగులో ఆ మాటలన్నీ చెప్పించాం. గొంతు సవరించుకోవడం కూడా లేకుండా.

ఆట అయ్యాక పల్లె నుంచి పాసింజరు బండిలో వచ్చిన ఆడవాళ్ళంతా వరండాలో ఆమె చుట్టూ నిలబడ్డారు.

"మాయన మాట ఎక్కడెట్టీసారు బాబూ?" అని ఆమె లెక్చరరును అడిగింది.

"జనం నవ్వుతారని భయపడ్డామమ్మా" అన్నాడు ఆయన.

"నవ్వితే నవ్వనీండి. మాయన నవ్వించడానికే మాటాడీవోడు."

అసలు మాటలు హార్డ్ డిస్కులో ఉన్నాయని, అది హాలు మేడ మీద సంఘం గదిలో బీరువాలో భద్రంగా ఉందని ఆ అమ్మాయి చెప్పింది. తన కంప్యూటర్లో చోటు చాలక డబ్బింగు అయిన సినిమాను మాత్రమే ఉంచుకుంది. వచ్చే ఆదివారం అసలు గొంతుతోనే వేస్తామంది. ఆమె ఆ అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తప్పకండా వస్తాను. మా అత్తనీ తెస్తాను."

ఆ ఆదివారం రాకముందే హాలు యజమాని వారసుల తగువు కోర్టుకెక్కింది. గేటుకు తాళం వేసి సీలు పెట్టారు. మా బీరువా మాకివ్వమని అర్జీ పెట్టుకుంటే, కేసు తేలేదాకా లోపలి వస్తువు ఏదీ కదలకూడదన్నారు. సంఘం ఆదివారాల్లో కలవడం మానేసింది. లెక్చరరు వేరే ఊరికి బదిలీ చేయించుకున్నాడు.

ఆమె అత్త పోయింది. ఆమె ఇప్పుడు ఫోన్ చెయ్యదు. విజయనగరం పెద్దాసుపత్రికి వచ్చినప్పుడు మాత్రం హాలు వీధిలోంచే నడుస్తుందట, గేటు దగ్గర కాసేపు ఆగుతుందట. ఆ అమ్మాయి రెండుసార్లు చూసిందిగాని పలకరించలేకపోయింది.

తర్వాత వచ్చిన తుఫానుకి హాలు పైకప్పు రేకులు కొన్ని లేచిపోయాయి. అవి సంఘం గది మీదివే. బీరువాలోకి నీళ్ళు వెళ్ళాయో లేదో తాళం తీస్తే తప్ప తెలియదు. కేసు ఇంకా నడుస్తోంది.