అత్తగారు తెరవలేని పెట్టె

డబ్బాల మేస్త్రి జీవితంలో చేసిన పెట్టెలన్నీ ఒక ఎత్తు, అత్తగారి కంటపడిన పెట్టెలు ఒక ఎత్తు. ఇనుపరేకు చేతికిస్తే చాలు, వంచి, మడిచి, అతుకు ఎక్కడుందో వెతుక్కునేలా పెట్టె చేసి పెడతాడు. బట్టల ట్రంకులు, ఆఫీసు బీరువాలు, దుకాణాల గల్లాపెట్టెలు, ఏవైనా సరే. తన పెట్టెను తాళంచెవి లేకుండా తెరిచే మొనగాడు ఇంకా పుట్టలేదని షెడ్డు ముందు నిలబడి అందరితో అనేవాడు. అది నిజమే. ఆ మొనగత్తె అతనికంటే చాలా ముందే పుట్టింది.

అత్తగారి భర్తకు తాళాలు బాగుచేసే బడ్డీ ఉండేది. బోర్డు మీద పేరు ఆయనది, లోపల పని ఈవిడది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆయన గోడకు ఆనుకుని కునుకు తీస్తుంటే, వచ్చినవాళ్ళ తాళాలన్నీ ఈవిడ చేతిలోనే నోరు విప్పేవి. ఆయన పోయాక కూడా చాలాకాలం బడ్డీ నడిపింది. ఇప్పుడు బడ్డీ లేదు. వేళ్ళు మాత్రం రిటైరు కాలేదు. ఆవిడ ఉండే మూడంతస్తుల భవనంలో పిల్లా పెద్దా అందరూ ఆవిణ్ణి తాళాల మామ్మ అనే పిలుస్తారు.

పెళ్ళైన కొత్తలో మేస్త్రి ఎంతో సంబరంగా ఒక ట్రంకుపెట్టె చేసి అత్తగారికి తెచ్చి ఇచ్చాడు. రెండు తాళాలు, లోపలి కీలు, మూలలకు పట్టీలు. తాళంచెవులు చేతిలో పెట్టబోతే ఆవిడ వాటిని బల్ల మీద ఉంచమంది. తలలోంచి పిన్ను తీసింది. కొత్త అల్లుడు టీ తాగడం పూర్తయ్యేలోపు పెట్టె బార్లా తెరుచుకుంది.

"చాలా బాగుంది బాబూ," అంది ఆవిడ. "గాలి బాగా ఆడుతుంది."

ఆ రోజు నుంచి అదే వరస. బీరువా చేస్తే తెరిచింది. గల్లాపెట్టె చేస్తే తెరిచింది. ఒకసారి కసికొద్దీ అసలు తాళమే లేకుండా, రహస్యంగా జరిగే పలకతో పెట్టె చేసి తెచ్చాడు. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కూతురితో కబుర్లు చెబుతూ, చూడకుండానే తెరిచింది. నోటికొచ్చినట్టు తిట్టినా బాగుండేది. మీరు, గారు, బాబు అంటూ అంత మర్యాదగా పరువు తీస్తుంటే మనిషి ఎవరితో చెప్పుకుంటాడు? భార్యతో చెప్పుకుంటే, ఆమె రంగు చల్లే గన్ను పక్కన పెట్టి మరీ నవ్వేది. షెడ్డులో పెట్టెలకు రంగులు వేసేది ఆమే. నవ్వడం ఆమెకు రెండో పని.

తర్వాత రోజులు మారాయి. అట్టపెట్టెల్లో ముక్కలుగా వచ్చి, ఇంట్లో బిగించుకునే చెక్కపొట్టు బీరువాలొచ్చాయి. ఇనుప బీరువా అడిగేవాడే కరువయ్యాడు. షెడ్డు షటరు ఒక పూట తీస్తే ఒక పూట మూసి ఉండేది. ఇక అమ్మేసి ఎక్కడైనా కాపలాదారు పని చూసుకుందామని మేస్త్రి అనుకుంటున్న సమయంలో, కరెంటు ఆఫీసు ఇంజినీరు వచ్చాడు.

ఊరంతా కొత్త మీటర్లు పెడుతున్నారు. ఫోనుకు వేయించుకున్నట్టే ముందు రీచార్జి చేయించుకోవాలి, అది అయిపోతే కరెంటు దానంతటదే ఆగిపోతుంది. మీటరు తెలివైనదే గాని, జనం అంతకంటే తెలివైనవాళ్ళు. మొదట బిగించిన ప్లాస్టిక్ పెట్టెలను ఒకచోట చెంచాతో తెరిచారు. ఇంకోచోట పెట్టె ఉంది, మీటరే లేదు. అందుకని గట్టి పెట్టె కావాలి. సుత్తితో కొడితే పగలకూడదు, వానకు తడవకూడదు, ఆఫీసువాళ్ళు తప్ప ఎవరూ తెరవకూడదు.

"ఒక భవనం మీటర్లన్నిటికీ కలిపి ఒకే పెట్టె చేసి బిగించండి," అన్నాడు ఇంజినీరు. "నెల రోజులు సీలు చెదరకుండా ఉంటే ఈ వైపు వీధులన్నిటి పెట్టెలూ మీ షెడ్డుకే. చెదిరిందా, ప్లాస్టిక్ కంపెనీ వాళ్ళు గుమ్మంలోనే కాచుకుని ఉన్నారు."

"ఏ భవనం సార్?"

ఇంజినీరు చెప్పాడు. మేస్త్రి గుండెల్లో రాయి పడింది. అది అత్తగారి భవనం. మీటర్లు ఉండేది మెట్ల కింద, సరిగ్గా ఆవిడ గుమ్మం పక్కన.

"ఇంకో భవనం లేదా సార్?"

"అక్కడ ఆగితే ఎక్కడైనా ఆగుతుందండీ," అన్నాడు ఇంజినీరు. పాత మీటర్ల కాలంలో ఆ భవనంలో చక్రాలకు ఎప్పుడూ నీరసంగానే ఉండేది. అది ఎవరి చేతి చలవో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు.

మేస్త్రి తిండీ నిద్రా మానేసి ఆ పెట్టె చేశాడు. మందమైన రేకు. గడ్డపార మొన కూడా దూరకుండా మూత అంచులు లోపలికి మడిచాడు. కీలు బయటికి కనపడదు. మరలు బిగించడానికే తప్ప విప్పడానికి తిరగవు. అంకెలు చూసుకోవడానికి, రాయి విసిరినా గీత పడని పలక అతికించాడు. వైర్లు దూరే రంధ్రాలకు రబ్బరు బిరడాలు వేశాడు. కొలతల కోసం ఆఫీసువాళ్ళు ఇచ్చిన ఖాళీ మీటరు డొప్పను పక్కన పెట్టుకుని, వెంట్రుకవాసి తేడా రాకుండా అమర్చాడు. సుత్తితో తనే కొట్టి చూశాడు. గొట్టంతో నీళ్ళు తనే కొట్టి చూశాడు. భార్య బూడిద రంగు వేసి, "ఏవండీ, ఇందులోకి మా అమ్మే కాదు, చీమ కూడా పోలేదు," అంది. ఆమె నోట అంత మంచి మాట వినడం మేస్త్రికి అదే మొదటిసారి.

పెట్టె బిగించారు. ఇంజినీరు తాళం వేసి, సీలు వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని పెట్టెను కిందికీ మీదికీ చూసింది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం మేస్త్రికి ఏమన్నా అనడం కంటే ఎక్కువ భయం కలిగించింది.

నెల ఇక అయిపోవస్తోందనగా ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది.

"బాబూ, పనిలో ఉన్నారా?" అంది అత్తగారు. "ఏం లేదు, మా ఇంట్లో కరెంటు పోయింది. రీచార్జి అయిపోయిందట. అమ్మాయి మళ్ళీ వేసేసింది. ఫోనుకు మెసేజి కూడా వచ్చింది. మీటరు మీద బటన్ నొక్కండి, కరెంటు వస్తుంది అని. మీ పెట్టెకు బటన్ ఎక్కడుందో చెబుతారా?"

మేస్త్రి మూలనున్న మీటరు డొప్పను తీసి తిప్పి చూశాడు. ఆఫీసువాళ్ళు ఇచ్చిన డొప్పకు బటన్ లేదు. డొప్ప డొప్పే కదా, దానికి బటన్ ఎందుకు? కాబట్టి అతని పెట్టెలో అంకెలకు కిటికీ ఉంది, బటన్‌కు దారి లేదు. ప్రపంచంలో ఎవ్వరూ వేలు పెట్టలేని పెట్టె చేయాలనుకున్నాడు, చేసేశాడు. న్యాయంగా వేలు పెట్టాల్సినవాళ్ళు కూడా పెట్టలేరు.

ఇంజినీరుకు ఫోను చేస్తే స్విచ్ఛాఫ్. ఆఫీసుకు పరుగెత్తితే, సారు శిక్షణకు వేరే ఊరు వెళ్ళారన్నారు. వినియోగదారులతో ఎలా మాట్లాడాలో నేర్పిస్తున్నారట, అందుకని ఫోన్లు ఎత్తకూడదట. మూడు రోజులకు గాని రారు. తాళంచెవి సారు జేబులోనే ఉంది.

మేస్త్రి భవనానికి చేరేసరికి మెట్ల కింద జనం మూగారు. పై అంతస్తు కండక్టరు చేతిలో గడ్డపార ఉంది. బస్సులో పని మానేసి చాలా కాలమైనా, పదిమంది కనిపిస్తే జరగండి జరగండి అనకుండా ఉండలేని మనిషి.

"జరగండి, జరగండి! పెద్దావిడ ఉక్కలో ఉడికిపోతుంటే చూస్తూ ఊరుకుంటామా? ఒక్క పోటు పొడుస్తాను," అన్నాడు.

"కండక్టరు గారూ, మీకు దణ్ణం పెడతాను. సీలు తెగితే నా షెడ్డు మూసుకోవాల్సిందే," అన్నాడు మేస్త్రి.

"మరి ఈవిడ సంగతి?"

అందరూ అత్తగారి వైపు చూశారు. ఆవిడ కుర్చీలో కూర్చుని అట్టముక్కతో విసురుకుంటోంది. తలలో పిన్ను ఉంది. వేళ్ళు ఖాళీగా ఉన్నాయి. భవనం మొత్తం ఊపిరి బిగబట్టింది. మేస్త్రి అయితే కళ్ళే మూసుకున్నాడు. ఆవిడ ఇప్పుడు లేచి ఆ పెట్టె తెరిస్తే అడ్డు చెప్పే మొహం తనకు లేదు. తప్పు తనది. కరెంటు ఆవిడది.

"ఆ గడ్డపార లోపల పెట్టుకోండి కండక్టరు గారూ," అంది అత్తగారు. "మూడు రోజులే కదా. నేను పుట్టినప్పుడు ఫ్యానుతో పుట్టలేదు."

కూతురు వచ్చి తన ఇంటికి రమ్మని బతిమాలింది. ఆవిడ కదల్లేదు. పక్కింటివాళ్ళు వాళ్ళ ఇంట్లోంచి వైరు లాగుతామన్నారు. "దొంగ కరెంటా? ఛీ, ఛీ," అంది, పాత మీటరు చక్రాల సంగతి ఎరగనట్టు. నవ్వాలో వద్దో తెలియక వాళ్ళు వెళ్ళిపోయారు. మిగతా ఇళ్ళవాళ్ళు మాత్రం ఆ సాయంత్రమే పరుగులు పెట్టి, ఎన్నడూ లేనంత రీచార్జి చేయించుకున్నారు.

మూడు రోజులూ ఎండ నిప్పులు చెరిగింది. ఆవిడ గుమ్మంలోనే కూర్చుని, పెట్టె దగ్గరికి ఎవరొచ్చినా "ఏం కావాలి నాయనా?" అని అడిగేది. మేస్త్రి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి చల్లటి నీళ్ళు, పళ్ళు ఇచ్చి, తలొంచుకుని నిలబడేవాడు. ఆవిడ మొహం ఉబ్బి ఎర్రబడింది. జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. షెడ్డు పోతే పోనీ అని రెండో రోజు తనే సుత్తి తెచ్చాడు. ఆవిడ దాన్ని లాక్కుని కుర్చీ కింద పెట్టుకుంది.

"మీరు వెళ్ళి పని చూసుకోండి బాబూ. వెలుతురుకు అడ్డంగా నిలబడ్డారు."

ఇంజినీరు వచ్చాడు. మాట తీరు నిజంగానే మెత్తబడింది. సంగతంతా విని నాలుక్కరుచుకుని, ముందు సీలు చూశాడు. చెక్కు చెదరలేదు. తాళం తీసి మూత ఎత్తి, అత్తగారి మీటరు బటన్ నొక్కాడు. లోపల ఫ్యాను తిరిగిన చప్పుడు వినగానే మెట్ల మీద ఉన్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. అంతలో ఇంజినీరు పెట్టె అడుగున చెయ్యి పెట్టి ఏదో పైకి తీశాడు. జానెడు పొడవున్న గొడుగు ఊచ. ఒక చివర కొంచెం వంచి ఉంది.

"ఇదేంటి? లోపలికి ఎలా వచ్చింది?"

చప్పట్లు ఆగిపోయాయి.

"నాదే," అంది అత్తగారు లేచి నిలబడి. "పెట్టె బిగించిన వారం నుంచీ చూస్తున్నాను. మూత దగ్గర చూశాను, కీలు దగ్గర చూశాను, మరల దగ్గర చూశాను. ఎక్కడా లొంగలేదు. ఆఖరికి వైర్ల పక్కనుంచి ఇది దూర్చాను. చేతిలోంచి జారి లోపల పడింది. అంతే."

"అంటే పెట్టెలో సందు ఉందన్నమాట."

"సందుంటే ఏం లాభం నాయనా? పని జరిగిందా? జరిగే పనైతే మూడు రోజులు ఈ ఉక్కలో నేనెందుకు కూర్చుంటాను? నాకేమన్నా పిచ్చా?" ఆవిడ భవనం మొత్తానికి వినపడేలా గొంతు పెంచింది. "నా జన్మలో నేను తెరవలేని పెట్టె ఇదొక్కటే. మా అల్లుడు చేశాడు. రాసుకోండి."

ఇంజినీరు కాసేపు ఆలోచించి తలూపాడు. తాళాల మామ్మ నోటి నుంచి ఆ మాట వచ్చాక ఇక సర్టిఫికెట్టు ఎందుకన్నాడు. బటన్ లేని డొప్ప ఇచ్చిన సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియకపోతే బాగుంటుందని మాత్రం మేస్త్రి చెవిలో చెప్పాడు. కొత్త పెట్టెలకు బటన్ ఎదురుగా రబ్బరు మీట పెట్టాలని ఇద్దరూ అక్కడే అనుకున్నారు.

మేస్త్రి ఆ ఊచను జేబులో వేసుకుని షెడ్డుకు వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా ఆ ఒక్క మాట కోసం ఎదురుచూశాడు. గంతులు వేయాల్సిన మనిషి, ఊచను చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. దాని చివర వంపు ఏదో ఊరికే వంచినట్టు లేదు.

నమూనాకని అప్పుడే చేసి ఉంచుకున్న, అచ్చం అలాంటి పెట్టె షెడ్డులోనే ఉంది. అందులో ఎడమ చివర, అత్తగారి మీటరు ఉండే చోట, ఇంజినీరు కొత్తగా ఇచ్చిన బటన్ ఉన్న మీటరును బిగించాడు. ఎడమవైపు చివరి రబ్బరు బిరడా కొంచెం పక్కకు నొక్కి, వైరు పక్కనుంచి ఊచను లోపలికి పంపాడు. అది వైరు వెంబడే పాకి, వంపు దగ్గర తిరిగి, ఆగింది. మెల్లగా నెట్టాడు.

టక్కుమంది. బటన్ నొక్కుకుంది.

రంగు వేస్తున్న భార్య తల తిప్పి చూసింది. ఈసారి నవ్వలేదు. "గొడుగుకు ఊచ ఒక్కటే ఉండదుగా," అంది.

సాయంత్రం మేస్త్రి అత్తగారింటికి వెళ్ళాడు. ఆవిడ ఫ్యాను కింద నేల మీద పడుకుని ఉంది. అల్లుణ్ణి చూసి లేచి కూర్చుని కొంగు సర్దుకుంది. అతను జేబులోంచి ఊచ తీసి ఆవిడ ముందు పెట్టాడు. ఏదో చెబుదామనుకున్నాడు.

"ఎడమ పక్క బిరడా," అంది ఆవిడ ఊచ వైపు చూడకుండా. "బిగించారా బాబూ?"

"బిగించానత్తయ్యా. లోపల ఇనుప గొట్టం కూడా వేశాను."

"మంచి పని చేశారు." ఆవిడ ఊచను తీసుకుని దిండు కింద పెట్టుకుంది. "కొత్తది బిగించాక ఒకసారి చెప్పండి, చూస్తాను."