పటం మీద పక్కకు జరిగిన వేలు

ఈ సంగతి నేను రాయకపోతే, ఇది తెలిసినవాళ్ళు మరొకరు లేరు. ఒకరి రహస్యం కాబట్టి ఇన్నాళ్ళూ రాయలేదు. అందులో సగం నాది కూడా కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. మొన్న బడిలో ఇచ్చిన పనికోసం మా మనవరాలు ఫోనులో మ్యాపు తెరిచి, "అమ్మమ్మా, నీ హౌస్ ఏది? జూమ్ చేస్తా, చూపించు" అంటే, నా వేలు మా ఊరి పెద్దబజారు మీద ఆగింది. మా ఇల్లు అక్కడ ఎప్పుడూ లేదు.

ముప్ఫై ఏళ్ళ కిందట అమెరికా వచ్చి అరోరా అనే ఊళ్ళో కాపురం పెట్టినప్పుడు నేను పదో తరగతి తప్పిన మనిషిని. ఇంగ్లీషు పబ్లిక్ లైబ్రరీలోనే కూడబలుక్కుని నేర్చుకున్నాను, ఆ తర్వాత అక్కడే పుస్తకాలు అరల్లో సర్దే ఉద్యోగం కూడా సంపాదించాను. చెప్పుకోవడానికి నాకున్న గొప్ప ఇదొక్కటే. మా వీధిలో మూడో ఇంటి పెద్దావిడ జపాన్ మనిషి, యుద్ధం అయ్యాక అక్కడున్న అమెరికా సిపాయిని పెళ్ళాడి వచ్చారట. ప్రతి మంగళవారం లైబ్రరీకి వచ్చేవారు, నా పని ముగిశాక ఇద్దరం కలిసి నడిచేవాళ్ళం, ఆవిడ ముల్లంగి ఊరగాయ ఇస్తే నేను గోంగూర ఇచ్చేదాన్ని. మన అలవాటు మీకు తెలిసిందే: ఊరు, ఊళ్ళో వీధి, వీధిలో ఎవరి ఇంటి పక్కన అన్నది తేలేదాకా మనిషి పరిచయమైనట్టే ఉండదు. ఏడాదిపాటు అడిగాను. ఆవిడ ఊరి పేరు చెప్పి, సముద్రం దగ్గర అని ఊరుకునేవారు.

ఒకరోజు జపాన్ పట్టణాల పాత పటాల పుస్తకం నా చేతికొచ్చింది. అందులో ఆవిడ ఊరు పేటపేటకీ పేరుతో సహా ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయి, దాన్ని పెద్దగా కాపీ తీయించి, ఏటికి నీలం రంగు వేసి, ఆవిడ పుట్టినరోజున కూతురూ అల్లుడూ చూస్తుండగా కేకు పక్కన పరిచి, ఇప్పుడు చెప్పండి మీ ఇల్లెక్కడ అన్నాను. ఆవిడ వేలు ఏటి ఒడ్డున, ఊరి చివరి పేట మీద ఆగింది. వెంటనే ఓడరేవు వైపు జరిగింది. కూతురు సంబరపడిపోయి ఫ్రేమ్ కట్టిస్తానంది. ఆ తర్వాత మూడు మంగళవారాలు ఆవిడ లైబ్రరీకి రాలేదు.

నేను చేసిందేమిటో కూడా నాకు పుస్తకమే చెప్పింది. ఆ దేశంలో తోలుపనీ మాంసం పనీ చేసే కుటుంబాలను విడిగా ఉంచిన పేటలుండేవట. చట్టం ఆ తేడాను ఎప్పుడో కొట్టేసినా, యుద్ధం తర్వాత కూడా పెళ్ళికో ఉద్యోగానికో చిరునామా ఆరా తీసేవారట, పేట పేరు తెలిస్తే చాలట. అందుకే అలాంటి పటాలు బయటపెట్టడమంటే అక్కడ గొడవట. చదివాక ఏడుపు రాలేదు, సిగ్గు కూడా వేయలేదు. చన్నీళ్ళలో చాలాసేపు ఉంచిన చేయిలాగా లోపల ఏమీ తెలియలేదు.

నిజానికి అది పుస్తకం చూసి నేను తెలుసుకోవలసిన విషయం కాదు. మా నాన్న ఊరవతల పేటలో, లందలనే తొట్లలో తోళ్ళు నానవేసి ఊనేవాడు, అంటే పచ్చితోలును పదును చేసేవాడు. ఇక్కడ తలా ఒక వంటకం తెచ్చి కలిసి తినే పాట్‌లక్‌లో పప్పుగిన్నె మూత తీస్తూనే ఎవరో ఒకరు, "మీదే ఊరండీ? ఊళ్ళో ఎక్కడ? మావాళ్ళూ ఉన్నారక్కడ, మీరు ఎవరి తాలూకు?" అని మొదలుపెడితే, పెద్దబజారని చెప్పి పులిహోర వడ్డించడంలో పడిపోయేదాన్ని.

నాలుగో మంగళవారం వెళ్ళి, గుమ్మంలో నిలబడే, మా ఇంటాయనకు తప్ప ఎవరికీ చెప్పని ఆ మాట చెప్పేశాను. ఆవిడ, "మీవాళ్ళు దేంట్లో నానబెట్టేవారు?" అన్నారు.

"తంగేడు చెక్క నీళ్ళలో."

"మావాళ్ళు ఏట్లో. ఆ తర్వాత ఉప్పూ నూనే."

లోపలికి రమ్మని టీ ఇచ్చారు. తన కూతురికి తెలియదన్నారు. మా అమ్మాయికీ తెలియదన్నాను. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మంగళవారాలు మాత్రం ఆవిడ పోయేదాకా సాగాయి. అంత్యక్రియలనాడు పంచిన కాగితంలో ఓడరేవు దగ్గర పుట్టారని అచ్చువేశారు, నా పటాన్ని ఫ్రేమ్ కట్టి రేవు మీద ఎర్ర చుక్క పెట్టారు. కూతురు నా చేయి పట్టుకుని, మీరివ్వబట్టే మాకిది దక్కిందంది. తలూపాను.

మొన్న ఫోను మీద వేలు వెనక్కి తెచ్చి, మా పేట మీద పెట్టాను. "అక్కడ ఏం లేదు అమ్మమ్మా, పార్కింగ్ లాట్ ఉంది" అంది పిల్ల. అక్కడే అన్నాను. స్టవ్ దగ్గర మా అమ్మాయి గరిటె ఆగింది. లందలు పోయాయి, తంగేడు చెక్క వాసన పోయింది, పేట పేరు కూడా మార్చేశారు. మొన్నటి పాట్‌లక్‌లో మాత్రం కొత్తగా వచ్చిన ఒక పిల్లను మీదే ఊరమ్మా అని ఎవరో అడగనే అడిగారు. ఆ పిల్ల గ్లాసులో నీళ్ళు పోసుకోవడం మొదలుపెట్టింది.

అడిగిన పుస్తకమల్లా వేరే ఊళ్ళనుంచి తెప్పించిపెట్టిన లైబ్రరీ డోరతీకి, ఇదంతా టైపు చేసిన మనవరాలు సాహితికి, చదివి ఒక్క మాట కూడా తీసేయమనని అమ్మాయి సునీతకి, తోళ్ళు ఊని నన్ను పదో తరగతిదాకా చదివించిన మా నాన్న కొండయ్యకి కృతజ్ఞతలు. మూడో ఇంటి ఆవిడకు కూడా. ఆవిడ పేరు, ఊరి పేరు రాయడం లేదు.